ఏరినవాడూ కూర్చినవాడూ: కింగ్ క్రిమ్సన్ తొలినాటి కృతుల సంకలనం – ఒక పరిశీలన

ఏది చేర్చారు, ఏది విడిచారు, ఏ వరుసలో పేర్చారు అన్న మూడు ప్రశ్నలకు దొరికే సమాధానమే సంకలనకర్త తీర్పు. పీఠిక లేకపోయినా ఆ తీర్పును చదవవచ్చు. అయితే సంకలనకర్త సాధారణంగా తాను ఏరే కృతులకు బయటివాడు. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరము’ కూర్చినప్పుడైనా, ముద్దుకృష్ణ ‘వైతాళికులు’ (1935) వెలువరించినప్పుడైనా ఏరింది ప్రధానంగా ఇతరుల కవిత్వాన్నే. ఏరేవాడు ఆ కృతుల సహకర్తల్లో ఒకడై, తక్కినవారంతా తప్పుకున్నాక మిగిలిన ఏకైక వ్యక్తి అయితే ఆ సంకలనాన్ని విమర్శగా చదవాలా, వారసత్వ ప్రకటనగా చదవాలా? బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ కృతులతో 1976లో వెలువడిన రెండు ఎల్పీల సంకలనం ‘ఎ యంగ్ పర్సన్స్ గైడ్ టు కింగ్ క్రిమ్సన్’ ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ.

1969 అక్టోబరులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ ఐదుగురి సమష్టి సృష్టి. గిటార్ రాబర్ట్ ఫ్రిప్‌ది. గానం, బాస్ గ్రెగ్ లేక్‌వి. వేణువు, సాక్సఫోన్, మెలోట్రాన్ ఇయన్ మెక్‌డొనాల్డ్‌వి. డ్రమ్స్ మైకేల్ జైల్స్‌వి. గీతరచన పీటర్ సిన్‌ఫీల్డ్‌ది. ఆ ఏడాది చివర అమెరికా పర్యటనలోనే మెక్‌డొనాల్డ్, జైల్స్ వైదొలగాలని నిర్ణయించుకున్నారు. మరుసటి ఏడు లేక్, ‘ఐలాండ్స్’ (1971) తరువాత సిన్‌ఫీల్డ్ వెళ్లిపోయారు. 1974 సెప్టెంబరులో ఫ్రిప్ బృందాన్ని రద్దు చేసేనాటికి ఏడు స్టూడియో ఆల్బమ్‌లన్నిటిలోనూ ఉన్నవాడు ఆయనొక్కడే. సంకలనాన్ని కూర్చిందీ ఆయనే.

శీర్షిక బెంజమిన్ బ్రిటెన్ వాద్యబృంద రచన ‘ది యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా’ను స్ఫురింపజేస్తుంది. బ్రిటెన్ రచనలో ఒక్కొక్క వాద్యకుటుంబం విడివిడిగా పరిచయమై, చివర అన్నీ ఒకే కూర్పులో కలుస్తాయి. క్రిమ్సన్ విషయంలో అటువంటి కలయిక అసాధ్యం, ఎందుకంటే ఈ వాద్యకారులందరూ ఒకే వేదికపై ఎన్నడూ లేరు. వారిని కలపగలిగేది సంకలనం ఒక్కటే. శీర్షికలో కొంత పరిహాసం ఉందనుకున్నా, ఆ పరిహాసం వెనుక ఉన్న ఆశయం చిన్నదేమీ కాదు.

సంకలనంలో పదిహేను కృతులున్నాయి. బృందం పేరు చెప్పగానే శ్రోతకు ముందుగా గుర్తుకువచ్చే ‘ట్వంటీఫస్ట్ సెంచరీ స్కిట్జాయిడ్ మ్యాన్’ వాటిలో లేదు. ‘లిజార్డ్’ (1970) నుంచి ఒక్క కృతీ లేదు. మొదటి విసర్జనను ధైర్యంగా గుర్తించాలి. ప్రసిద్ధమైనదాన్ని పక్కన పెట్టినప్పుడే తక్కినవి వినబడతాయి. రెండవది అంత సులభంగా సమర్థించదగినది కాదు. ఒక ఆల్బమ్‌ను సాంతం తొలగించినప్పుడు ‘మార్గదర్శి’ అన్న మాటకు లోటు వస్తుంది.

వరుస కాలక్రమానికి లొంగదు. మొదటి వైపు ‘ఎపిటాఫ్’తో ఆరంభమవుతుంది. 1969 ఆల్బమ్‌లో అది మొదటి వైపుకు ముగింపు. రద్దయిన బృందం కథ సమాధిలేఖనం అనే అర్థమున్న పాటతో మొదలుకావడం యాదృచ్ఛికమనుకోవడం కష్టం. అదే వైపు చివర ‘ఐ టాక్ టు ది విండ్’ ఉంది. అయితే అది తొలి ఆల్బమ్ పాఠం కాదు. కింగ్ క్రిమ్సన్ ఏర్పడకముందు, 1968లో, జైల్స్ జైల్స్ అండ్ ఫ్రిప్ అన్న పూర్వబృందం జూడీ డైబుల్ గానంతో రికార్డు చేసిన పాఠం. అది మొదటిసారి వెలుగుచూసింది ఈ సంకలనంలోనే. లభించని కావ్యాల పద్యాలను ప్రబంధరత్నాకరం నిలిపినట్లు, ఒక పూర్వపాఠాన్ని ఈ సంకలనం కాపాడింది. ఇక్కడ ఫ్రిప్ చేసింది నిస్సందేహంగా పరిష్కర్త చేయవలసిన పని.

రెండవ వైపు మొత్తాన్ని ‘రెడ్’ (1974) నుంచి తీసుకున్న రెండు కృతులు ఆక్రమించాయి. మూడవ వైపు చిన్న కృతుల కూర్పు. 1970 నాటి సింగిల్ రెండు ముఖాలైన ‘క్యాట్ ఫుడ్’, ‘గ్రూన్’ పక్కపక్కనే నిలవడం తప్ప అందులో ప్రత్యేకంగా చెప్పవలసిందేమీ లేదు.

అసలు చిక్కు నాలుగవ వైపులో ఉంది. ‘మూన్‌చైల్డ్’, ‘ట్రయో’, ‘ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ – ఇదీ వరుస. 1969 ఆల్బమ్ రెండవ వైపులో ఉన్నవి ‘మూన్‌చైల్డ్’, ‘ది కోర్ట్...’ మాత్రమే. అంటే ఫ్రిప్ ఆ పాత వైపునే తిరిగి నిలిపి, నడుమ ఒక కొత్త కృతిని చొప్పించారు. అందుకు చోటు ఎక్కడినుంచి వచ్చింది? మూలంలో ‘మూన్‌చైల్డ్’ పన్నెండు నిమిషాలకు పైబడినది. పాట రెండున్నర నిమిషాల్లో ముగిశాక, తక్కినదంతా గిటార్, వైబ్రాఫోన్, డ్రమ్స్ మెల్లమెల్లగా తడుముకుంటూ సాగే అలిఖిత వాదనం. సంకలనంలో పాట మాత్రమే మిగిలింది. తొలగించిన ఆ వాదనం స్థానంలో 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో పుట్టిన మరొక అలిఖిత వాదనం ‘ట్రయో’ నిలిచింది. తెలుగు పాఠవిమర్శ పరిభాషలో దీన్ని ప్రక్షిప్తం అనలేము. ప్రక్షేపకుడు అజ్ఞాతంగా ఉంటాడు, ఇక్కడ మార్పు చేసినవాడు పేరు చెప్పుకున్నాడు. కానీ ఫలితం దానికి దగ్గరగానే ఉంది. 1969 బృందం తడబాటును 1973 బృందం నైపుణ్యం పూరించింది. తొలినాటి కృతిని తరువాతి కృతికి సన్నాహంగా చదవడమంటే ఇదే. ఆ పది నిమిషాలు విసుగు పుట్టిస్తాయని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయినా ఒక బృందం తనను తాను వెతుక్కుంటున్న చప్పుడు వినిపించే చోటు తొలి ఆల్బమ్‌లో అదొక్కటే.

ఈ పద్ధతి 1976తో ఆగలేదు. 1991 నాటి ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’లో ‘కేడెన్స్ అండ్ కాస్కేడ్’కు గార్డన్ హాస్కెల్ గళాన్ని తీసి ఏడ్రియన్ బెల్యూ గళాన్ని అమర్చారు. 2009లో స్టీవెన్ విల్సన్‌తో కలిసి తొలి ఆల్బమ్‌ను మళ్లీ మిశ్రణం చేసినప్పుడు ‘మూన్‌చైల్డ్’ వాదనం నుంచి సుమారు మూడు నిమిషాలు తగ్గాయి. పూర్తి పాఠాన్ని అనుబంధంగా ఇవ్వడం మెచ్చదగిన జాగ్రత్త. హాస్కెల్ గళాన్ని మార్చడం మాత్రం సంకలనకర్త హద్దు దాటిన పని. ఏరడం వేరు, తిరిగి రాయడం వేరు.

‘ట్రయో’ విషయంలో ఒక వివరం మిగిలింది. వయొలిన్, బాస్, మెలోట్రాన్ కలిసి వినిపించే ఆ కృతిలో డ్రమ్స్ లేవు. వేదికపైనే ఉన్న బిల్ బ్రూఫర్డ్ ఆ కొద్ది నిమిషాలూ దరువు వేయకుండా ఊరుకున్నాడు. ఆ సంయమనం కృతికి దోహదం చేసిందని గుర్తించి, సహకర్తగా ఆయన పేరును కూడా చేర్చారు. దానికి ముందున్న ‘మూన్‌చైల్డ్’లో మెక్‌డొనాల్డ్, జైల్స్ దాదాపు నిశ్శబ్దంగా వాయించిన పది నిమిషాలకు అదే నాలుగవ వైపున చోటు దొరకలేదు.