విప్పడానికి వీలుగా కట్టడం

జపాన్‌లో ‘కింబాకు’ అనే కట్టు విద్య ఒకటుంది. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు తాడుతో కడతారు, ఇంకొకరు కట్టించుకుంటారు. అది వాళ్ల శృంగార క్రీడ. ఒకప్పుడు నేరస్థులను బంధించడానికి వాడిన హోజోజుత్సు దీనికి పూర్వరూపాల్లో ఒకటి. ఇప్పటి రూపానికి ఆద్యుడిగా ఇతో సేయు (1882–1961) అనే చిత్రకారుణ్ణి చెబుతారు. బందీని కట్టేవాడికి వాడు తప్పించుకోకుంటే చాలు. ఇక్కడ ఆ లెక్క చాలదు. కదలనివ్వకూడదు, గాయం కాకూడదు, అవసరమైతే క్షణాల్లో విడిపించగలగాలి.

తాడు ఎంపికలోనే ఈ జాగ్రత్త మొదలవుతుంది. మామూలుగా వాడేది ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడవు, మూడు పేటల జనపనార తాడు. మన గోనెసంచుల నారే. నైలాన్ తాడు నున్నగా ఉండి ముడి జారుతుంది, వేగంగా లాగితే చర్మం కమిలిపోతుంది. నారకు గరుకు ఉంది కాబట్టి ఒక వరస మరో వరసను పట్టుకుంటుంది, ముడులు తక్కువ పడతాయి. కొత్త తాడును మంట మీదుగా చకచకా లాగి నూగు కాలుస్తారు, తర్వాత కాస్త నూనె పట్టిస్తారు. వాడే ముందు మొత్తం తాడును వేళ్ల మధ్య జార్చి చూస్తారు. పురి వదిలిన చోటు, పేట తెగిన చోటు కంటి కంటే ముందు వేలికి దొరుకుతుంది.

మొదట నేర్పేది ఒంటి మణికట్టు కట్టు. తాడును సగానికి మడిచి, మడత కొనను జానెడు వదిలి, చేతికి రెండు చుట్లు చుడతారు. జంట తాడు కాబట్టి చర్మం మీద నాలుగు వరసలు పడతాయి, అంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల పట్టీ. వరసలు ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు, ఎక్కితే బలమంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. ఇప్పుడు మడత కొనను చుట్లన్నిటి కింద నుంచి దూర్చి, పైకి తీసి, రెండో వైపు తాడుతో ముడి వేస్తారు. ఈ ముడి చేసే పని చూడండి. జారుముడైతే లాగినకొద్దీ ఉరిలా బిగుస్తుంది. ఇక్కడ చుట్లన్నీ ఒక కట్టగా ముడికి చిక్కి ఉంటాయి కాబట్టి ఎంత లాగినా ఆ వలయం చిన్నదవదు. కింద ఒక వేలు దూరే సందు చివరిదాకా అలాగే ఉంటుంది. ఇంత చిన్న ముడిలో ఇంత ముందుచూపు ఉంటుందని గోనెసంచి మూతి కట్టే మనం ఊహించం.

అసలు చిక్కు దండచేతి దగ్గర. మణికట్టును పైకెత్తించే రేడియల్ నరం ఎముక వెనక నుంచి మెలి తిరిగి బయటి పక్కకు వచ్చేచోట దానికి కండ రక్షణ తక్కువ. చేతులు వెనక్కి మడిచి కట్టే ‘తకాతే కోతే’లో తాడు ఆ దాపునే పోతుంది. నరం దారి ఒక్కో ఒంట్లో కాస్త తేడాగా ఉంటుంది గనక ఫలానా చోట కట్టమని గీత గీసి చెప్పలేం. చెయ్యి నల్లబడితే రక్తం ఆగిందని కన్నే చెబుతుంది. నరం నలిగితే రంగు మారకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. అందుకని మధ్యమధ్య మణికట్టు పైకెత్తమంటారు, వేళ్లు చాపమంటారు. ఎత్తే బలం తగ్గితే కట్టు అక్కడితో సరి.

ఆ కబురు చెప్పగలిగేది కట్టించుకున్న మనిషే. కాబట్టి అది ఊరికే ఉండే పాత్ర కాదు, దానికీ నేర్పు కావాలి. అందుకు ముందే అనుకున్న మాటలుంటాయి: ‘పసుపు’ అంటే నెమ్మది, ‘ఎరుపు’ అంటే ఆపు. నోరు కట్టి ఉంటే చేతిలో ఒక వస్తువు పెడతారు, అది కింద పడడమే ‘ఎరుపు’.

1983లో న్యూయార్క్‌లోని ఒక స్వలింగ పురుషుల సంఘం క్షేమం, వివేకం, సమ్మతి అనే సూత్రం తెచ్చింది. 1999లో గ్యారీ స్విచ్ దాన్ని సరిదిద్ది ‘ప్రమాదం ఎరిగిన సమ్మతి’ అన్నాడు. తాడు పని దగ్గరగా చూస్తే రెండోదే నిజాయితీగా తోస్తుంది. దండచేతి కట్టును పూర్తిగా క్షేమం అనడం అబద్ధం. ఏ నరం ఎక్కడుందో చెప్పకుండా తీసుకున్న ఒప్పుదలలో సగమే ఉంది. మెడకు తాడు వద్దు, కట్టిన మనిషిని ఒంటరిగా వదలొద్దు అనేవి మాత్రం బేరానికి రాని నియమాలు.

చేతికందే దూరంలో మొద్దు మొన కత్తెర ఉంటుంది, ప్రథమ చికిత్సలో బట్టలు కత్తిరించే రకం. ఆపద వస్తే, తాడు ఎంత ఖరీదైనదైనా కోసేయడానికి ఆలోచించరు. విప్పాక మర్నాడు కూడా ఒకసారి అడుగుతారు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు తిమ్మిరి ఉందా అని. ఉంటే, లేదా మణికట్టు వాలిపోతుంటే, డాక్టరు దగ్గరికి వెళ్లి తాడు ఒత్తిడి వల్ల అని సిగ్గుపడకుండా చెప్పాలి.