ఎగరని రెక్కలు

పాత అమెరికన్ కారు అనగానే మన కళ్ళముందు కదిలే బొమ్మ ఒకటే: 1959 కాడిలాక్. గులాబీ రంగు, అయిదున్నర మీటర్లు దాటిన పొడుగు, వెనక రెండు నిటారు రెక్కలు, ఒక్కో రెక్కకి జంటగా తూటాల్లాంటి ఎర్ర లైట్లు. పోస్టర్ల మీదా, కెఫేల గోడల మీదా అదే. ఆ కారంటే నాకూ ఇష్టమే. కానీ దాన్ని చూపించి, అది కార్ల డిజైన్‌కి స్వర్ణయుగం అంటే మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

మొదటి రెక్క ఇంత లేదు. జనరల్ మోటార్స్‌లో 1927 నుంచి డిజైన్ విభాగాన్ని నడిపినవాడు హార్లీ ఎర్ల్. ఆయన మనుషులు లాక్‌హీడ్ పి-38 యుద్ధవిమానాన్ని చూసొచ్చారు. ఆ విమానం జంట తోకలే 1948 కాడిలాక్ వెనక చిన్న బొడిపెల్లా తేలాయి. ఎడమ పక్క లైటుని పైకెత్తితే కింద పెట్రోలు పోసే మూత! ముచ్చటగానూ ఉంది, దానికో పనీ ఉంది. అక్కడితో ఆగిపోతే ఏ గొడవా లేదు.

ఆగితే వ్యాపారం ఎలా నడుస్తుంది? ఏడాదికేడాది కారు రూపం మారాలన్నది కంపెనీ పెద్ద ఆల్ఫ్రెడ్ స్లోన్ పట్టిన సూత్రం. లోపల యంత్రం పెద్దగా మారకపోయినా పర్లేదు, పైన రేకు మారాలి. పక్కింటాయన కొత్త బండి తేగానే మన బండి మనకే పాతగా కనబడాలి. అంటే నిరుటి అందాన్ని వికారంగా చూపించడమే ఈ ఏటి అందం చేసే పని. ఆ కార్ల గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు. నాకైతే అసలు కథ ఇదే అనిపిస్తుంది.

1956లో చక్ జోర్డన్ అనే జనరల్ మోటార్స్ డిజైనర్ క్రైస్లర్ వాళ్ళ కంచె సందులోంచి కొత్త ప్లిమత్‌లని చూశాడు. వర్జిల్ ఎక్స్‌నర్ హయాంలో వచ్చిన కార్లు. సన్నటి ఒళ్ళు, కోసుగా లేచిన రెక్కలు. వాటి పక్కన తమ 1959 నమూనాలు ఒక్కసారిగా లావెక్కి ముసలివైపోయాయి. ఎర్ల్ యూరప్‌లో ఉండగానే కుర్రాళ్ళు అన్నీ పక్కనపడేసి మళ్ళీ గీయడం మొదలెట్టారు. మనం ఆ రెక్కల్లో చూసి మెచ్చుకునే ధీమా అంతా అలా భయంలోంచి పుట్టిందే.

పక్కగాలికి కారు ఊగకుండా ఈ రెక్కలు ఆపుతాయని క్రైస్లర్ ప్రచారం కూడా చేసింది. తీరా హడావుడిగా మార్కెట్లోకి తోసిన ఆ 1957 కార్లకి తుప్పు పట్టడం, నీళ్ళు కారడం! రేకు మీద పెట్టిన శ్రద్ధ లోపల కూర్చునే మనిషి మీద లేదని రాల్ఫ్ నాడర్ 1965లో పుస్తకమే రాశాడు. అప్పటికి కాడిలాక్ రెక్కలు తీసేసింది.

మన దగ్గర తమాషా వేరు. ప్రీమియర్ పద్మిని వెనకవైపు గుర్తుందా? ఫియట్ 1100 నుంచి వచ్చిన బుల్లి రెక్కలు రెండు ఉండేవి. ఏడాది తిరక్కుండానే పాతబడాలని అమెరికాలో మొదలైన ఆ మోజు, లైసెన్సుల కాలంలో కొనడానికి వేరే కారు లేక, మన రోడ్ల మీద దశాబ్దాలపాటు అలాగే తిరిగింది. ట్యాక్సీగా కూడా.