చేపలెన్నో కాదు, మేతెంత?

హైదరాబాదుకు పడమట ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు ఎంతో కాలంగా నగరానికి ఆకుకూరలు, కూరగాయలు, పాలీహౌస్ పూలు అందిస్తున్నాయి. ఇక్కడి గ్రామాలు అనేకం జంట జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111వ జీవో పరిధిలోకి రావడంతో, వ్యర్థజలాన్ని బయటికి వదలని సేద్య పద్ధతులకు ఈ నేలలో ప్రత్యేక విలువ ఏర్పడింది. చేపల తొట్టి నీటిని మొక్కల వేళ్లకు పారించి, తేటపడిన నీటిని మళ్లీ తొట్టికే మళ్లించే ఆక్వాపోనిక్స్ అటువంటి పద్ధతే గాని, దాని జయాపజయాలు చాలావరకు తొట్టిలో ఎంత చేప వేశామన్న దాని మీదే తేలతాయి.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు కొంతమేరకే దాని ఒంటికి పడతాయి. మిగిలిన నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. కంకర మీద, తొట్టి గోడల మీద పెరిగే ఒక తెగ బాక్టీరియా దానిని నైట్రైటుగానూ, మరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడవది మొక్కకు ఆహారం. అందుచేత తలల లెక్క కంటే రోజూ పడే మేత లెక్కే ముఖ్యం. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత, వెయ్యి లీటర్లకు 10 నుంచి 20 కిలోల చేప ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న యూనిట్లకు సూచించింది. వెయ్యి లీటర్ల తొట్టిలో 20 కిలోల చేప ఉండి, బరువులో ఒకటిన్నర శాతం మేత తింటే, పడేది 300 గ్రాములు. అది సుమారు ఆరు చదరపు మీటర్ల, అంటే ఏడు గజాల, పాలకూర మడికి సరిపోతుంది.

చేప ఎక్కువైతే ప్రాణవాయువు తగ్గి, అమ్మోనియా పేరుకుని, మలం వేళ్లను చుట్టుకుంటుంది. తక్కువైతే నైట్రేటు చాలక ముందుగా ముదురాకులు పసుపుబారతాయి. అయితే ఈనెలు పచ్చగానే ఉండి లేతాకులు మాత్రం పాలిపోతే, అది తరచుగా ఇనుము లోపం. చేపల మేతలో ఇనుము చాలినంత ఉండదు కనుక చేపలను పెంచినంత మాత్రాన ఆ లోపం తీరదు, ఇనుమును విడిగా కలపవలసిందే. బోరు నీటిలో కార్బొనేట్లు ఎక్కువగా ఉంటే పీహెచ్ దిగక, ఉన్న ఇనుము కూడా మొక్కకు అందదు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియాలో విషరూపపు వాటా పెరుగుతుంది. కాబట్టి వేసవిలో మేత తగ్గించడమే క్షేమం.

తిలాపియా పెంపకానికి మన దేశంలో అనుమతి తప్పనిసరి కావడంతో, మంచి ధర పలికే కొర్రమీను వైపు మొగ్గు సహజం. తెలంగాణ రాష్ట్ర చేపైన ఈ కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు గాని, బాక్టీరియాకూ వేళ్లకూ ఆ వెసులుబాటు లేదు. చేప హుషారుగానే తిరుగుతున్న తొట్టిలో నైట్రేటు తయారీ మందగించి, మడి ఎండుముఖం పట్టడం వింతేమీ కాదు. పైగా పెద్దది చిన్నదాన్ని మింగే జాతి కనుక ఒకే సైజు పిల్లలను వేయాలి. బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది కాబట్టి, రైతులు తొలి విడతలో కొద్ది చేపలనే వదిలి, అమ్మోనియా, నైట్రైటు పరీక్షల్లో దాదాపు సున్నా వచ్చాకే తర్వాతి విడత వేయడం మేలు.