పన్నెండు నిమిషాల కాగితం

నా రాతబల్ల మీది అద్దం కింద ఒక కాగితం ఉంది. దాని మీద ఏడు పుల్లబొమ్మలు. తలకి సున్నా, ఒంటికి ఒక గీత, కాళ్లకి రెండు, చేతులకి రెండు. బొమ్మకీ బొమ్మకీ మధ్య బాణం. బాణం మీద ‘లో’ అని ఉంటే ఊపిరి లోపలికి, ‘బ’ అని ఉంటే బయటికి. పక్కన ‘6’ అంకె వేస్తే ఆరుసార్లు. పిల్లలు గోడ మీద గీసినట్టుండే ఆ బొమ్మల్ని వరసగా చేసుకుంటూ పోతే పన్నెండు నిమిషాలు పడుతుంది. మూడేళ్లుగా చేస్తున్నాను. నన్నెరిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు.

నమ్మకపోవడంలో వాళ్ల తప్పేం లేదు. మద్రాసు టీ నగర్‌లో ఒక జిమ్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టి 19 రోజులు వెళ్లినవాణ్ణి నేను. ఇంట్లోకి వ్యాయామం సైకిలు కొన్నాను, ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో నడక మొదలుపెట్టి, తమిళుల ఐప్పసి నెల వానలు రాగానే మానేసి, వానలు పోయాక కూడా మానేసే ఉండిపోయాను. (ఆ పార్కుకి పేరైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1893లో అమృతాంజనం మొదలుపెట్టింది. ఒళ్లునొప్పులకి మందు చేసినాయన పేరున్న పార్కుకి పొద్దున్నే వెళ్లి మైలాపూరు జనం ఒళ్లు నొప్పులు తెచ్చుకోవడం నాకెప్పుడూ తమాషాగానే ఉంటుంది.) మానేసిన ప్రతిసారీ నాకు పట్టుదల లేదనుకునేవాణ్ణి. నడుం పట్టేసి మందవెళిలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్తే ఆవిడ ఈ కాగితం గీసిచ్చారు. అప్పట్నుంచీ పట్టుదల గురించి దిగులు పడటం మానేసి, ఈ కాగితంలోని పనితనాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ నేర్చుకున్నది తిరుమలై కృష్ణమాచార్యగారి సంప్రదాయంలో. ఆయన 1888లో చిత్రదుర్గ ప్రాంతంలో పుట్టారు. 1930లలో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు అండతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. బీకేఎస్ అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ఆ రోజుల శిష్యులే. ఇవాళ అమెరికాలో, ఐరోపాలో అద్దాల గదుల్లో చెమటలు కక్కుతూ చేసే యోగా చాలామటుకు ఆ మైసూరు హాలులోంచి వెళ్లిందే. అక్కడ ఎక్కువమంది కుర్రాళ్లు. ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి దూకేవాళ్లు. గురువుగారు చండశాసనుడు. ఆయనకి బావమరిది కూడా అయిన అయ్యంగారు ఆ కాఠిన్యాన్ని దాచకుండానే చెప్పుకున్నారు.

రాజ్యాలు పోయాయి, 1950లో యోగశాల మూతపడింది, కొద్దికాలానికి ఆయన మద్రాసు చేరారు. అప్పటికి అరవై దాటాయి. ఇక్కడ ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు వేరు. పక్షవాతం వచ్చిన పేరున్న లాయరు ఒకరు. ఇంకా నడివయసువాళ్లు, ముసలివాళ్లు, ఏదో ఒక జబ్బుతో వేసారినవాళ్లు. వీళ్లని దూకమంటే దూకుతారా? పేరు వచ్చేసిన మనిషి, ఆ వయసులో, తన చేతిలోని విద్యని మళ్లీ మొదట్నుంచి విప్పి చూసుకున్నారు. అంతా ఒకే వరస చేయడం పోయింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నాడి చూసి, ఊపిరి ఎలా ఆడుతోందో చూసి, ఎవరిది వాళ్లకి కట్టివ్వడం వచ్చింది. చిన్నపిల్లలకి సృష్టిక్రమం, సంసారులకి స్థితిక్రమం, వయసు మళ్లినవాళ్లకి అంత్యక్రమం అని వయసుని బట్టి కూడా దారులు వేరు చేశారు. మైసూరులో కూర్చినది లోకం చుట్టి వచ్చింది. మద్రాసులో కూర్చినదానికి అంత హడావుడి లేదు. నన్నడిగితే రెండోదే పెద్ద పని.

కొడుకు దేశికాచార్ సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగం వదిలి తండ్రి దగ్గర శిష్యుడిగా చేరారు. 1976లో ఇక్కడే కృష్ణమాచార్య యోగమందిరం పెట్టారు. బరువు ఎక్కడ పడుతోందో ముందు చూడాలన్న పట్టు ఆ ఇంజనీరింగులోంచే వచ్చిందేమోనని నా అనుమానం.

కాగితానికి వద్దాం. రెండో బొమ్మ చూడండి. నిలబడి ముందుకి వంగడం, సగం దాకానే. పుల్లబొమ్మ మోకాళ్ల దగ్గర గీత కొంచెం విరిగి ఉంటుంది. మొదట్లో చెయ్యి జారి అలా గీశారనుకున్నాను. జారలేదు. నా తొడల వెనక కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. మోకాళ్లు నిటారుగా పెట్టి వంగితే ఆ బిగువు వెళ్లి నడుముని లాగుతుంది. ఈ ఆసనంతో మనక్కావాల్సింది వీపు సాగడం. మోకాలు మడిస్తే వీపు సాగుతుంది, నడుం బతికిపోతుంది. నేను చూసిన ఇతర తరగతుల్లో ‘మోకాళ్లు, మోకాళ్లు’ అని అరిచేవాళ్లు. ఆసనం ఫొటోలోలాగా రావాలని వాళ్ల తాపత్రయం. ఆ కాస్త విరిగిన గీతలో నా తొడలూ, నా నడుమూ, నా ఇరవై ఏళ్ల కుర్చీ ఉద్యోగమూ అన్నీ ఉన్నాయి.

ఇక ఊపిరి. చేతులెత్తేటప్పుడు ముందు ఊపిరి మొదలవుతుంది, చిటికె తర్వాత చెయ్యి కదులుతుంది. చెయ్యి ఆగిపోయాక చిటికె సేపు ఊపిరి ఉంటుంది. అంటే కదలిక మొత్తం ఊపిరి లోపలే ఇమిడిపోవాలి. చదవడానికి ఇంతేనా అనిపిస్తుంది, చేసి చూడండి. తొందరపడితే చెయ్యి ముందు పరిగెడుతుంది. ఫోను గుర్తొస్తే ఊపిరి తెగుతుంది. శక్తికి మించి వంగితే ఊపిరి గరగరమంటుంది. పక్కన ఎవరూ నిలబడి కేకలు వేయక్కర్లేదు, ఎక్కువైందో తక్కువైందో ఊపిరే చెప్పేస్తుంది. పొద్దున బద్ధకంగా ఉంటే ఊపిరి తీసే పాళ్లు పెంచుతారు, దాన్ని బృంహణం అంటారు. నాలాగా రాత్రిపూట బుర్ర ఆగనివాళ్లకి వదిలే పాళ్లు పెంచుతారు, అది లంఘనం. నా కాగితంలో చివరి బొమ్మ కూర్చుని ఉంటుంది. దాని పక్కన ‘లో’కి ‘4’, ‘బ’కి ‘8’ అని రెండే అంకెలు.

అయిదో బొమ్మ ద్విపాద పీఠం. వెల్లకిలా పడుకుని, పాదాలు నేలకానించి, నడుం ఎత్తడం. దాని వెంటనే ఆరోది అపానాసనం, మోకాళ్లు పొట్టకి తెచ్చుకోవడం. ముందుది వీపుని ఒక పక్కకి వంచితే వెనకది దాన్ని సర్ది పెడుతుంది. దీన్ని ప్రతిక్రియాసనం అంటారు. జిమ్ రోజుల్లో నేను పడిపోయింది ఇక్కడే. మొదటి రోజు వీరావేశంగా చేసి, మూడో రోజు మెట్లు దిగలేక గోడ పట్టుకుని, అయిదో రోజు మనసే వద్దనేది. ఈ కాగితం చేసి లేచినప్పుడు ఒంట్లో ఏ మూలా పట్టేసి ఉండదు. రేపు పొద్దున దీన్ని తలుచుకుంటే భయం వేయదు. భయం లేనిచోట పట్టుదల పెద్దగా ఖర్చు కాదు.

పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో ముప్ఫయ్యో సూత్రం తొమ్మిది అడ్డంకుల్ని లెక్కపెడుతుంది. రోగంతో మొదలై అనుమానం, అజాగ్రత్త, బద్ధకం మీదుగా చివరి రెండు: అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం. ఎంత చేసినా మెట్టు అందకపోవడం, అందిన మెట్టు మీద నిలవకపోవడం. ఇవి చదివినప్పుడల్లా నా సైకిలు మీది తువ్వాళ్లు గుర్తొస్తాయి. మెట్టు ఎత్తుని మనిషి కాలికి సరిపెడితే ఆ చివరి రెండు అడ్డంకులూ చాలావరకు తప్పుతాయి.

ఇదంతా తెలుగువాళ్లకి మరీ దూరం కథేం కాదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు మద్రాసు వస్తే గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంత విహార్‌లో దిగేవారు. అంతకుముందు అయ్యంగారి దగ్గర ఆసనాలు నేర్చుకున్న ఆయన, 1960ల నడుమ, డెబ్భయ్యో పడి అంచున, ముప్ఫయ్యేళ్లయినా నిండని దేశికాచార్ దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్నారు. గురువే అక్కర్లేదని ఊరూరా చెప్పిన మనిషి! ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడూ అంతంతమాత్రమే. అయినా తొంభై ఏళ్లు బతికి 1986లో పోయారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పన్నెండు నిమిషాలతో గుండెకి కావలసిన పని అంతా జరగదు. పెద్దలకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అందుకని పార్కుకి మళ్లీ వెళ్తున్నాను, ఈసారి వానాకాలానికి గొడుగు కూడా కొన్నాను.

కృష్ణమాచార్యగారికి 96వ ఏట తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ వద్దన్నారు. మంచం మీద పడుకునే చేయగలిగిన సాధన ఒకటి తనకి తానే కూర్చుకున్నారు. (నాకైతే ఆ గుండె లేదు, ఆపరేషన్‌కే వెళ్తాను.) జీవితమంతా ఇతరులకి కట్టిచ్చిన కొలతలు ఆఖరికి తనకే పనికొచ్చాయి. 1989లో, నూరేళ్లు నిండాక, ఈ ఊళ్లోనే పోయారు.

కిందటి నెల మందవెళి వెళ్తే ఆవిడ ఏమీ అడగకుండా, ‘ఒకసారి చేసి చూపించండి’ అన్నారు. చేశాను. ఆవిడ పెన్ను తీసి నాలుగో బొమ్మ కొట్టేశారు.

‘అదెందుకండీ తీసేశారు?’ అన్నాను.

‘మీరు దాన్ని ఎగ్గొట్టి చాలా రోజులైనట్టుంది కదండీ’ అని, దాని స్థానంలో ఇంకో పుల్లబొమ్మ గీయడం మొదలుపెట్టారు.