కరగకుండా కలిసే రేకులు
ముందుమాట

పల్చని అల్యూమినియం రేకులు అతకడం ఉక్కు రేకులు అతికినంత సులువు కాదు. మామూలు స్పాట్ వెల్డింగ్ యంత్రం మీద పెడితే, వేడి నిలవనివ్వని ఈ లోహానికి కరెంటు చాలా ఎక్కువ కావాలి. రాగి ఎలక్ట్రోడ్ల మొనలు త్వరగా పాడైపోతాయి. 2024, 7075 వంటి గట్టి మిశ్రమలోహాలైతే కరిగి గడ్డకట్టేటప్పుడు పగుళ్లు తీస్తాయి. విమానాల తయారీలో రివెట్లను నమ్ముకోవడానికి ఇదొక ముఖ్య కారణం. కరిగించకుండానే అతికే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌ను 1991లో ఇంగ్లండులోని టి.డబ్ల్యు.ఐ. సంస్థలో వేన్ థామస్ బృందం కనిపెట్టింది. అదే పనిని ఒక్క చుక్క మేర చేయడం ఈ పుస్తకానికి విషయం.

తిరుగుతున్న టూల్ పై రేకును దాటి కింది రేకులోకి దిగుతుంది. రాపిడి వేడికి లోహం మెత్తబడుతుందే గాని కరగదు. ఆ మెత్తదనంలోనే కలిసి, ఒత్తిడికి ఒక్కటవుతుంది. మాజ్దా కంపెనీ 2003లో ఆర్‌ఎక్స్-8 కారు వెనుక తలుపులకు ఈ పద్ధతి వాడింది. టూల్ పైకి తీశాక దాని కొసనున్న పిన్ దిగినచోట గుంట మిగులుతుంది. జర్మనీలోని గీస్టాఖ్ట్ పరిశోధకులు పిన్‌నూ, దాని చుట్టూ ఉండే స్లీవ్‌నూ విడివిడిగా కదిలేలా చేసి, పక్కకు జరిగిన లోహంతోనే ఆ గుంట పూడ్చారు.

నా దగ్గర చదువుకున్న ఈ పుస్తక రచయిత అసలు ప్రతిభ ఈ సంగతులు చెప్పిన తర్వాతి అధ్యాయాల్లో కనిపిస్తుంది. ప్రతి అతుకునూ నడిమికి కోసి, నున్నగా సానబట్టి, మైక్రోస్కోపులో చూపించాడు. రెండు రేకులు కలిసే గీత టూల్ అంచు దగ్గర కొక్కెంలా పైకి వంగుతుంది. అది పై రేకులోకి ఎక్కువగా ఎక్కితే అక్కడ అతుకును మోసే మందం తగ్గుతుంది. లాగినప్పుడు పగులు అక్కడే పుడుతుంది. టూల్ ఎంత లోతుకు దిగితే అంత బలమనుకునేవారు ఈ ఫొటోలు తప్పక చూడాలి. వేగం, లోతు, టూల్‌ను నిలిపి ఉంచే సమయం మారినప్పుడల్లా ఆ కొక్కెం ఎటు కదిలిందో ఓపిగ్గా వివరించాడు. తెగిపోయిన ముక్కలను దాచకుండా ముందు వరసలో పెట్టాడు. పైమెరుగు చూసి అతుకు మంచిదనకూడదని వెల్డింగ్ నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా బాగా నేర్పడం కష్టం. ఇదంతా మన ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు సాఫీగా అర్థమయ్యే తెలుగులో రాసినందుకు నాకెంతో సంతోషంగా ఉంది.

ఒక్క కోరిక. కారు తలుపులోని అతుకు ఒక్క లాగుడుకు తెగదు. లక్షల కుదుపులకు అలసి తెగుతుంది. మలి ముద్రణలో ఆ అలసట పరీక్షలకు ఒక అధ్యాయం కేటాయించాలి. కొక్కెం జాడ ఇంత శ్రద్ధగా పట్టినవాడు ఆ పగులు నడిచే దారినీ పట్టగలడని నా నమ్మకం.

ఆశీస్సులతో.