మూడు సెన్సర్లు, ఒక రేఖ: రీబ్రీదర్ రేఖాచిత్రాలు - పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలన

వ్యాస సంగ్రహం:
నీటి అడుగున వాడే రీబ్రీదర్‌లో ఆక్సిజన్ స్థాయిని సాధారణంగా మూడు సెన్సర్లు కొలుస్తాయి. డైవ్ ముగిసిన తరువాత లాగింగ్ సాఫ్ట్‌వేర్ ఆ కొలతలను రేఖాచిత్రంగా చూపుతుంది. మూడు కొలతలను కలిపి ఒకే రేఖగా చూపడం ఎంతవరకు సమంజసమన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. తాళపత్ర ప్రతులలోని పాఠభేదాల విషయంలో తెలుగు పరిష్కర్తలు పాటించిన నియమాల వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలించడం, రేఖాచిత్ర రూపకల్పనకు కొన్ని సూచనలు చేయడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: రీబ్రీదర్, పాక్షిక పీడనం, రేఖాచిత్రం, పాఠభేదం, గ్రంథపాతం, పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
వదిలిన ఊపిరినే శుద్ధిచేసి తిరిగి పీల్చుకొనే వీలు కల్పించే సాధనం రీబ్రీదర్. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ వంటి రసాయనం గ్రహిస్తుంది. శరీరం వాడుకొన్న మేరకు ఆక్సిజన్ తిరిగి చేరుతుంది. ఇంగ్లండుకు చెందిన హెన్రీ ఫ్లూస్ 1878లో ఇటువంటి సాధనాన్ని ఆచరణయోగ్యంగా రూపొందించాడు. ఈ సూత్రం మన ప్రాంతానికి కొత్తది కాదు. పరకాలకు సమీపంలోని భూపాలపల్లితో సహా సింగరేణి గనుల ప్రాంతంలో, విషవాయువులు కమ్మిన చోటికి వెళ్ళే రక్షణ బృందాలు ధరించే ఆక్సిజన్ సాధనాలు కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి.

అయితే గనిలో పీడనం పెద్దగా మారదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు 1 బార్ చొప్పున పెరుగుతుంది. అందువల్ల డైవర్‌కు ఆక్సిజన్ శాతం కన్నా దాని పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతు ముఖ్యం. మామూలు గాలిలో ఉపరితలం మీద అది 0.21 బార్. 30 మీటర్ల లోతులో మొత్తం పీడనం 4 బార్లు కాబట్టి అదే గాలిలో అది 0.84 అవుతుంది. 0.16 కన్నా తగ్గితే స్పృహ తప్పవచ్చు, 1.6 దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నీటిలో ఈ రెండూ ప్రాణాంతకాలే. పైగా ఈ స్థితులు నమ్మదగిన ముందస్తు లక్షణాలేవీ చూపకుండా రావచ్చు. డైవర్‌కు ఆధారం అంకెలు మాత్రమే.

2. రేఖాచిత్రమనే పాఠం:
లైనస్ టోర్వాల్డ్స్ 2011లో ప్రారంభించిన సబ్‌సర్ఫేస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో కాలం ఎడమ నుంచి కుడికి సాగుతుంది. లోతు పైనుంచి కిందికి దిగుతుంది. గణితశాస్త్ర సంప్రదాయానికి ఇది వ్యతిరేకమైనా అనుభవానికి అనుకూలం. డైవర్ దిగిన దారి చూడగానే తెలుస్తుంది. కావాలనుకొంటే వాయువుల పాక్షిక పీడనాల రేఖలను, వాటితోపాటు ప్రతి సెన్సర్ విలువను విడిగా చూసే అవకాశం కూడా అమరికలలో ఉంది. ఇది ప్రశంసనీయం. కాని ఆక్సిజన్ రేఖను చూస్తూ విడి సెన్సర్ల అమరికను ఎంచుకోని పాఠకుడికి సెన్సర్లన్నిటినుంచి లెక్కించిన సమష్టి రేఖ ఒక్కటే మిగులుతుంది. ఏది ముందు కనిపించాలి, ఏది అడిగితేనే కనిపించాలి అన్న నిర్ణయం సాంకేతికంగా చిన్నదే అయినా విమర్శకు అదే ముఖ్యం. ఆ నిర్ణయంతోనే రూపకర్త పాఠాన్ని వ్యాఖ్యానిస్తున్నాడు.

3. సగటు, మెజారిటీ:
మూడు సెన్సర్లు 1.30, 1.28, 0.72 చూపాయనుకొందాం. వాటి సగటు 1.10. ఆ విలువను ఏ సెన్సరూ చెప్పలేదు. మూడు తాళపత్ర ప్రతులలో మూడు పాఠాలుంటే, ఏ ప్రతిలోనూ లేని నాలుగో పాఠాన్ని కల్పించి, కింద పాఠభేదాలు చూపకుండా అచ్చువేయడం వంటిదే ఇది.

సగటుకు బదులు మెజారిటీని అనుసరించే పద్ధతి ఉంది. రెండు సెన్సర్లు ఏకీభవిస్తే మూడోదాన్ని పక్కన పెడతారు. ఇక్కడే పాఠపరిష్కరణ శాస్త్రం చేసే హెచ్చరిక పనికివస్తుంది. ప్రతులను లెక్కించడం కాదు, వాటి బలాబలాలను తూచాలన్నది ఆ శాస్త్రంలో మూలసూత్రం. ఒకే మాతృక నుంచి దిగిన రెండు ప్రతులు ఏకీభవిస్తే వాటిని రెండు సాక్ష్యాలుగా లెక్కించరు. సెన్సర్లకూ ఇది వర్తిస్తుంది. ఒకేసారి తయారై, ఒకే తేమలో పనిచేసి, ఒకే వయసుకు వచ్చిన రెండు సెన్సర్లు ఒకే విధంగా పాడుకావచ్చు. పాతబడిన సెన్సర్ ఒక స్థాయిని మించి చూపలేని స్థితికి చేరుతుంది. అటువంటివి రెండు 1.2 దగ్గర నిలిచిపోయి, మంచి సెన్సర్ 1.5 చూపితే, మెజారిటీ పద్ధతి నిజం చెప్పినదాన్నే తోసిపుచ్చుతుంది. నిర్దేశిత విలువ 1.3 అయితే యంత్రం ఇంకా ఆక్సిజన్ చేరుస్తూనే ఉంటుంది.

4. బాహ్య సాక్ష్యం:
ప్రతులు విభేదించినప్పుడు పరిష్కర్త ఛందస్సును, వ్యాకరణాన్ని, లక్షణ గ్రంథాలలోని ఉదాహరణలను ఆశ్రయిస్తాడు. డైవర్‌కూ అటువంటి సాక్ష్యం ఉంది. 30 మీటర్ల లోతులో వలయాన్ని మామూలు గాలితో నింపితే ప్రతి సెన్సరూ 0.84కు దగ్గరగా రావాలి. 6 మీటర్ల వద్ద శుద్ధ ఆక్సిజన్‌తో నింపితే 1.6కు చేరువ కావాలి. మొదటి పరీక్ష పై స్థాయిలో సెన్సర్ శక్తిని నిరూపించదు. రెండోది దాన్నే పరీక్షిస్తుంది. రేఖాచిత్రంలో ఈ పరీక్షలు జరిగిన క్షణాలను గుర్తించి, రావలసిన విలువను పక్కనే చూపితే ఏ సెన్సర్‌ను నమ్మాలో పాఠకుడే నిర్ణయించుకోగలడు.

5. గ్రంథపాతం:
ప్రతి శిథిలమైన చోట నిజాయితీ గల పరిష్కర్త 'గ్రంథపాతం' అని గుర్తించి ఖాళీ విడుస్తాడు. సెన్సర్ సమాచారం కొన్ని నిమిషాలు అందకపోతే రేఖ కూడా అక్కడ తెగాలి. రెండు కొసలను సరళరేఖతో కలపడమంటే చెప్పకుండా పూరించడమే. ఇంతకన్నా లోతైన మౌనం మరొకటుంది. చాలా రీబ్రీదర్లు పీల్చే వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవవు. సోడా లైమ్ శక్తి ఉడిగినా ఆక్సిజన్ రేఖ నిశ్చలంగా ఉండగలదు. కొలవని విషయాన్ని కొలవలేదని చిత్రమే చెప్పాలి. లేకపోతే మౌనం క్షేమంగా చదవబడుతుంది.

6. రూపకల్పనకు సూచనలు:
మూడు రేఖలు చిత్రాన్ని చిక్కుపరుస్తాయన్న ఆక్షేపణ సహేతుకమే. దానికి పరిష్కారం భేదాన్ని దాచడం కాదు, దాని పరిమాణాన్ని చూపడం. మధ్యస్థ విలువను రేఖగా గీసి, కనిష్ఠ గరిష్ఠ విలువల మధ్య పలుచని నీడ వేయాలి. సెన్సర్లు ఏకీభవించినంతసేపు నీడ సన్నగా ఉంటుంది, విభేదిస్తే విస్తరిస్తుంది. అది ఒక హద్దు దాటినప్పుడు మూడు రేఖలూ వాటంతట అవే విడివడాలి. నిలువు కొలబద్ద ప్రతి డైవ్‌కూ మారక 0 నుంచి 2 బార్ల వరకు స్థిరంగా ఉంటే ఈనాటి చిత్రాన్ని ఆరు నెలల నాటి చిత్రంతో పోల్చి సెన్సర్ వార్ధక్యాన్ని గుర్తించవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పాఠకులుంటారు కనుక సెన్సర్లను రంగుతోపాటు గీత తీరుతో కూడా వేరుచేయాలి.

7. ముగింపు:
డైవ్ ముగిశాక చూసే చిత్రం ఆ డైవ్‌ను మార్చలేదు. తరువాతి డైవ్‌కు ఏ సెన్సర్‌ను తొలగించాలో మాత్రం చెప్పగలదు. ఏకరేఖ ఆ సామర్థ్యాన్నే హరిస్తుంది. 1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణ వరకు ప్రతులను పోల్చి చూసే సంప్రదాయం తెలుగులో ఉంది. స్వీకృత పాఠంతోపాటు తిరస్కృత పాఠాన్నీ అందుబాటులో ఉంచడం ఆ కృషి నేర్పిన నియమం. తన నిర్ణయం తప్పయితే తరువాతివారు దిద్దుకోగలగాలన్నదే దాని వెనుక ఉన్న కారణం. రీబ్రీదర్ రేఖాచిత్రంలో ఆ దిద్దుబాటుకు వీలు లేకపోతే తప్పు పాఠానికి మూల్యం డైవర్ ప్రాణమే కావచ్చు.