గిరీశం సెల్‌ఫోనులోకి దిగితే

మా ఆర్.కె.పేట, తిరుత్తణి వైపు ద్రౌపదమ్మ గుళ్ళలో భారతం జరిగేటప్పుడు పగలు కథ చెబుతారు, రాత్రి కూత్తు ఆడతారు. చిన్నప్పుడు మా నాయన పక్కన దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ చూసినవాణ్ణి. దుర్యోధనుడు రాకముందే కట్టియక్కారన్ వచ్చి రేషను బియ్యం మీద, పంచాయతీ బోరు మీద నాలుగు విసుర్లు విసిరేవాడు. వ్యాసుడు రాయని మాటలవి. పిల్లలం మాకు అవే ఎక్కువ గుర్తుండేవి. ఈ మధ్య మా బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రవాడు ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటే ఏమిటో నాకు వివరించబోతే ముందుగా ఈ కట్టియక్కారనే కళ్ళముందు మెదిలాడు.

ఆ కుర్రవాడు చూపించినది ఇంగ్లీషుది. జేన్ ఆస్టెన్ 1813లో అచ్చువేసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలను 2012, 13లలో యూట్యూబులో వంద చిన్న భాగాలుగా తీశారు. ఎలిజబెత్ ఈ కాలపు విద్యార్థిని. తన గదిలో కూర్చొని కెమెరాతో గోడు చెప్పుకుంటుంది. చూసేవాళ్ళు పాత్రలకు ఉత్తరం ముక్కలు రాస్తే పాత్రలు జవాబిచ్చేవి. దానికి 2013లో ఎమ్మీ బహుమతి కూడా వచ్చింది. నాలుగైదు భాగాలు చూశాను, బాగుంది. బంతాటలు, గుర్రపు బగ్గీలు పోయినా ఆ పిల్ల నోటి దురుసు పోలేదు.

పక్కింటి తమిళులూ తక్కువవారు కారు. కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ (1950–54) ముగించినా పాఠకులు ఆయన్ను వదల్లేదు. ఆ కథను విక్రమన్ ‘నందిపురత్తు నాయగి’గా కొనసాగించారు. మణిరత్నం సినిమాలు 2022, 2023లలో వచ్చినప్పుడు మా శాఖలో వారం రోజులు అదే చర్చ. వందియదేవన్‌కి ఆ నటుడు తగునా తగడా అని క్యాషియరుకూ మేనేజరుకూ మాటలు ఆగిపోయాయి.

మరి మనకు? ఉన్నారు. వాళ్ళకు ఆ పేరు పెట్టలేదంతే. ముళ్ళపూడి వెంకటరమణ గారు గిరీశాన్ని నాటకంలోంచి లాక్కొచ్చి సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు మధురవాణి చేత ఇంటర్వ్యూలు చేయించారు. శ్రీరమణ ‘మిథునం’ కథ మీది ప్రేమతో బాపు గారు దాన్ని మొదటినుంచి చివరిదాకా తన చేత్తో తిరగరాశారు. ఇంతకన్న అభిమాని ఎవరు? అదే కథను 2012లో తనికెళ్ళ భరణి ఇద్దరే మనుషులతో సినిమా తీశారు. మంచి ప్రయత్నమే. కాని వంటల పేర్లు చదివితే ఊరే నోరు, వంటలు చూస్తే అంతగా ఊరదు. ఇది నా తిండిపోతుతనం కావచ్చు.

అసలు ‘కన్యాశుల్కం’ మొదటి అభిమాని గురజాడే అంటాను. 1892లో ఆడి, 1897లో అచ్చయిన నాటకాన్ని ఆయన 1909 నాటికి దాదాపు కొత్తగా రాశారు. మధురవాణి ఎదిగింది రెండో కూర్పులోనే. లెక్కల మనిషిని గనుక ఒక అంకె చెబుతాను. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కపు పెళ్ళిళ్ళు విజయనగరం మహారాజా తీయించిన జాబితాకు ఎక్కినవే 1034. ఆ జాబితా చూసినవాడు రాసిన హాస్యం అది. 1955లో పి.పుల్లయ్య గారి సినిమాలో రామారావు గారు గిరీశం, సావిత్రి మధురవాణి. ఇద్దరూ బాగా చేశారు. అయినా అంత అందగాడు గిరీశమైతే చూసేవాడు అతని పక్షం చేరిపోతాడు. వెబ్ సిరీస్ వాళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ప్రతి భాగం చివర ఒక మలుపు కావాలి, గిరీశం మీద జాలి పుట్టాలి, ఆఖరికి బుచ్చమ్మతో డ్యూయెట్ కావాలి. అప్పుడు 1034 ఎక్కడికి పోతాయి?

ఇంతకీ నాకు దీనితో పనేమిటంటే, మా ఇంటి సంగతి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మా నాయన తెలుగులో చదివాడు, నేనూ కొంత చదివాను. 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయింది. మా అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం రాదు. తప్పు దానిది కాదు, కూర్చోబెట్టి నేర్పని నాది. పోయిన వేసవి సెలవుల్లో రాత్రిపూట ‘కన్యాశుల్కం’ పైకి చదివి వినిపించాను. విజయనగరం యాస సగం అర్థం కాలేదు. అయినా గిరీశం, వెంకటేశం కలిసినప్పుడల్లా పడీ పడీ నవ్వింది. గిరీశం తెలుగులో ఇంగ్లీషు కలిపినట్టే మేము తమిళం కలుపుతాం కదా నాయనా అంది. ఆ పోలిక పండితుల వ్యాసాలలో నాకు కనిపించలేదు. మా వైపు ఎవరైనా సిరీస్ తీస్తే గిరీశానికి పంచె, చుట్ట అక్కర్లేదు, షోళింగర్ బస్టాండు దగ్గర ట్యూషను బోర్డు, ఆ మూడు భాషల నాలుక చాలు.

వారం తర్వాత ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. పరీక్ష తప్పిన వెంకటేశం తండ్రికి ఫోనులో సందేశం పంపాలి, పక్కన గిరీశం డిక్టేషను. పేజీన్నర. మాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ తమిళం. ఆ లిపిలో గకారం లేదు గదా, గిరీశం కాస్తా ‘కిరీశం’ అయ్యాడు, బుచ్చమ్మ ‘పుచ్చమ్మ’ అయింది. అగ్నిహోత్రావధాన్లు ఏమయ్యారో చదవలేక దాన్నే అడిగాను. నవ్వింది, తను రాసింది తనకే అర్థం కాలేదట. ఆ పేజీన్నరను తెలుగులో నేను ఎత్తి రాస్తుంటే పక్కన కూర్చొని ‘గ’ ఎలా తిప్పాలో అడిగింది. నేను ఎత్తి రాసినదాంట్లో ఒక మాట తను అనలేదని కొట్టివేయించింది కూడా.